అత్త పేజీ మీద చర్చ

మా పక్కింటి అత్త గత నెల ఉప్పల్‌లో ఒక దవాఖానాలో చనిపోయింది. చుట్టరికం ఏమీ లేదు. నాచారంలో మా రెండు ఇళ్ళకూ ఒకటే గోడ, అంతే. ఆమె ప్రముఖురాలు కావడానికి ఆ చావు చాలా ఉపయోగపడింది.

అత్త డబ్బింగ్ చెప్పేది. మాటలు కాదు, ఏడుపులు. వేరే భాషల నుంచి వచ్చే సీరియళ్ళలో నాయిక పొర్లి పొర్లి ఏడ్వాల్సి వస్తే, మాటలు చెప్పే అమ్మాయి గొంతు పాడవకూడదని అత్తను పిలిచేవాళ్ళు. తెర మీద ఆమె పేరు ఎన్నడూ పడలేదు. "ముందుగాల నవ్వు మొదలువెట్టాలె పిల్లా, సగంల ఆపాలె. గదే ఏడుపు," అనేది. ఊపిరి ఎక్కడ ఆపాలో నాకూ నేర్పింది. ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఇప్పటికీ నన్ను నిలబెడుతున్నది నా డిగ్రీ కాదు, ఆ ఊపిరే.

ఆమె వంటింట్లో సాధన చేసేది. మొదట్లో గల్లీ అంతా పరుగెత్తుకొచ్చేది. కొన్నాళ్ళకు రావడం మానేసింది. ఆ మానెయ్యడం ఆమె భర్తకు, మేం మామ అనే ఆయనకు, బాగా కలిసొచ్చింది. గోడ అవతల ఏడుపు వినిపిస్తే మా అమ్మ "అత్త పనిల ఉన్నది" అని టీవీ సౌండు పెంచేది. కొన్ని పొద్దుల్లో అత్త చెంప మీద పౌడరు మందంగా ఉండేది. ఎవరూ ఏమీ అడగలేదు. మామ మాత్రం నలుగురిలో ఆమెను "ఏడ్పులమ్ముకునేది" అని పిలిచేవాడు. రికార్డింగు ఆలస్యమైతే గేటుకు తాళం వేసేవాడు. అత్త మా మెట్ల మీద కూర్చుని, ఏమీ జరగనట్టు మా అమ్మతో చిక్కుడుకాయ ఈనెలు తీసేది.

ఆమె మంచాన పడ్డాక ఎవరైనా రాయగల, దిద్దగల ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నేను ఆమె మీద ఒక పేజీ రాశాను. మర్నాడే దాన్ని తీసెయ్యాలని చర్చ పెట్టారు. ఈమెకు ప్రాముఖ్యత ఉందా, ఆధారాలేవి అని. అత్త రోజూ అడిగేది, "ఇయ్యాల ఏమన్నరే?"

"ఎవరీమె, తీసెయ్యండి అన్నడొకాయన."

"మంచిగనే అడిగిండు. నాగ్గూడ ఎరుక లేదు." నవ్వి, దగ్గి, మళ్ళీ అడిగింది. "నేనే జెప్తున్న గద, గా ఏడ్పులు నాయేనని?"

"నువ్వు జెప్తే చెల్లదత్తా. పేపర్ల రావాలె."

"అయితే ఫోన్ల ఏడ్చి పంపుదమా?"

నిజంగానే ఏడ్చింది. పక్క మంచం ఆవిడ భయపడి నర్సును పిలిచింది. ఆ సంగతి చర్చలో రాస్తే, గొంతు రికార్డు ఆధారం కాదని జవాబొచ్చింది. అది చదివి వినిపించాక అత్త గోడవైపు తిరిగి పడుకుంది. "ఒక్క లైనన్న ఉంచుమను బిడ్డా. నా పేరు ఏడనన్న ఉండాలె గద," అంది. నన్ను ఆమె ఇంకేమీ కోరలేదు.

ఆమె పోయిన మూడోనాడు పేపర్లో, లోకల్ పేజీ అడుగున, చిన్న వార్త వచ్చింది. వివరాలిచ్చింది మామ. 'భర్త ప్రోత్సాహంతో డబ్బింగ్ రంగంలో అడుగుపెట్టిన కళాకారిణి' అని రాశారు. తీసెయ్యమన్న ఆయనే సంతోషంగా, ఇప్పుడు మూలం దొరికింది, ఉంచాలి అని తీర్మానించాడు. ఆ వాక్యాన్ని పేజీలో ఎక్కించాడు కూడా. నేను తీసేశాను. మళ్ళీ పెట్టాడు. గోడకు ఇవతల ఉన్నదాన్ని, విన్నదాన్ని అని రాశాను. మీ అనుభవం మూలం కాదండీ అన్నాడు, ఎంతో మర్యాదగా. పేజీ మొత్తం తీసెయ్యమని నేనే అడగొచ్చు. అడిగితే ఆ అబద్ధంతో పాటు ఆమె పేరూ పోతుంది. రాశాను, చెరిపాను. చివరికి ఊరుకున్నాను.

పదకొండో రోజు భోజనాల దగ్గర మామ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పేజీ అందరికీ చదివి వినిపించాడు. ప్రోత్సాహం అన్న మాట దగ్గర గొంతు వణికించాడు. అత్తతో అన్నేళ్ళు కాపురం చేసినా ఊపిరి ఆపడం రాలేదు. బంధువులు తలలూపారు. తర్వాత నన్ను పిలిచాడు.

"బిడ్డా, గిండ్ల నా ఫోటో గూడ పెట్టరాదు? జంట లెక్క మంచిగుంటది."

"మీకు ప్రాముఖ్యత లేదు మామా. రూలు ఒప్పదు."

తమాషా అనుకుని నవ్వాడు. ఎవరూ తోడు నవ్వకపోయేసరికి సగంలో ఆపాడు. ఫోన్ పట్టుకుని ఒక మూలకు వెళ్ళి కూర్చున్నాడు. ఆ వాక్యం సరిగా కనబడక రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. ఇంకా పెద్దది చేశాడు. అత్త పేరు అంచు దాటి పోయింది, ఏడుపులు పోయాయి, డబ్బింగ్ పోయింది. తెర నిండా 'భర్త' అన్న రెండక్షరాలే మిగిలాయి. ఆయన వాటిని చూస్తూ కూర్చున్నాడు.