కంచె కాదు, కంచరగాడిద

ఇద్దర్ అనే కుర్రాడు బడి మానేశాడు గానీ చదవడం మానలేదు. సంతలో సరుకులు కట్టిచ్చిన కాయితాల నుంచి అట్టలూడిన పుస్తకాల దాకా దొరికిందల్లా నమిలాడు. దాంతో అట్లాస్ కొండల్లోని ఆ ఊళ్ళో లోకం అర్థమైంది తనొక్కడికేననీ, తక్కినవాళ్ళకి తను అర్థం కాలేదనీ తేల్చుకున్నాడు. పెళ్ళిళ్ళకి అతన్ని అందరికన్నా చివర పిలిచేవారు. అదీ అందుకేననుకున్నాడు.

ఊరికి పైన అగ్దాల్ ఉంది. వసంతమంతా మూసి ఉంచే ఉమ్మడి మేతబయలు అది. గడ్డి గింజ రాల్చేదాకా ఏ పశువూ అందులో కాలు పెట్టకూడదు. పెట్టిందా, దాని ఆసామి పొట్టేలు కోసి ఊరందరికీ విందు పెట్టాలి. కాపలా జీతం లేని పని. ఈ ఏడు ఇద్దర్ తనంతట తనే ముందుకొచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక, ఈ కొండ మనది కాదు, ఇంకా పుట్టనివాళ్ళదని సభలో ఉపన్యాసం దంచాడు. పెద్దలు ఆవులిస్తూ ఒప్పుకున్నారు.

వానల్లేని ఏడు. బాహా అనే ముసలి కాపరి తన గొర్రెల్ని హద్దురాళ్ళ దాకా తోలుకొస్తే ఇద్దర్ వెనక్కి పంపాడు. ఊరికే పంపలేదు, పుట్టనివాళ్ళ హక్కుల గురించి బోధించి మరీ పంపాడు.

కొన్నాళ్ళకి బాహా మంద లేకుండా వచ్చాడు. ఇద్దర్ బండమీద వెల్లకిలా పడుకుని పుస్తకంలో మునిగి ఉన్నాడు. కంచె చేను మేస్తే ఇక దిక్కెవరంటారు. ఇక్కడ మేస్తున్నది కంచె కాదు, ఇద్దర్ ఎక్కొచ్చిన కంచరగాడిద. హద్దు బయట కట్టేశాననే అనుకున్నాడతను. అది అగ్దాల్ నడిమధ్య తలొంచుకుని తన పని తను చూసుకుంటోంది.

బాహా దగ్గాడు. "అల్లుడూ, అదెవరు? ఇంకా పుట్టనివాళ్ళలో ఒకరా?"

ఇద్దర్ దిగ్గున లేచాడు. అది పనిచేసే జంతువు గనక మంద కిందికి రాదనీ, నియమం అసలు ఉద్దేశం వేరనీ వాదించాడు.

"ఆ ముక్క దానికీ చెప్పు నాయనా. నమలడం ఆపలేదు."

సాయంత్రం సభ కూడింది. బాహా కోప్పడలేదు. వచ్చిన చిక్కల్లా అక్కడే. పోనీలే, కుర్రాడు, క్షమించేద్దామన్నాడు. ఎలాగూ హద్దు తెగింది గనక రేపొక్కరోజు అందరి మందల్నీ వదులుదామన్నాడు. ఆ ఒక్కరోజుతో కొండ బోడిగుండు అవుతుందని తెలియనివాళ్ళు లేరు. అయినా ఎండిన గొర్రెలున్నవాళ్ళు గడ్డాలు నిమురుకున్నారు. సభకి పెద్ద అయిన జాయిద్, ఇద్దర్ కేసి చూశాడు.

ఇద్దర్‌కి ఆ మన్నింపు ఎంతో నచ్చింది. పొట్టేలు మిగుల్తుంది. పైగా కొండ నాశనమయ్యాక, ఊరి మూర్ఖత్వానికి బతికినంతకాలం కుమిలిపోవచ్చు. అతనికి అంతకన్నా ఇష్టమైన పని లేదు. ఉపన్యాసం కోసం నోరు తెరిచాడు. చదివిన వాక్యాల్లో ఒక్కటీ రాలేదు, రేపటి బోడికొండే కళ్ళముందు నిలిచింది.

"దండుగ వెయ్యండి మామా," అన్నాడు జాయిద్‌తో. "తెగింది హద్దు కాదు, నా బుద్ధి. ఒళ్ళు మరిచి పడుకున్నాను."

దండుగ పడింది. పడింది గనక హద్దు ఉన్నట్టే లెక్క. మందల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆ పొట్టేలు అతని తల్లి తూదా సొంతం, పండక్కని మేపుతున్నది. ఆమె తాడు కొడుకు చేతికిస్తూ అంది: "పుట్టబోయేవాళ్ళకి కొండ దాచావు, బాగానే ఉంది. వాళ్ళని కనేదాన్ని ఎక్కడైనా చూసుకున్నావా?"

విందుకి ఊరంతా గోధుమరవ్వ కుస్‌కుస్ పళ్ళేల చుట్టూ చేరింది. దండుగ కట్టినవాడు వడ్డించాలే గానీ కూర్చోకూడదు. మొదటి ముక్క తప్పు పట్టినవాడిది. బాహా మూలుగ ఎముక జుర్రుతూ, ఉప్పు తగ్గిందన్నాడు.

"వచ్చే ఏడూ నువ్వే కాపలా ఉండు అల్లుడూ," అన్నాడు. "నీ ఉపన్యాసం కన్నా నీ మాంసం నయం."

ఇద్దర్‌కి దిమ్మ తిరిగే జవాబొకటి తట్టింది. చేతిలో పులుసు కుండ ఒలుకుతుందని మింగేశాడు. లోయలోంచి బాహా గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి, ఆకలిగా, హద్దురాళ్ళకి ఇవతలే.