కల్లంలో అమ్మ కళ్లు

మిరపకాయల కల్లంలో కూర్చున్నవాళ్లకి సీజనంతా కళ్లు మండుతూనే ఉంటాయి. అందుకని అమ్మకి చూపు మసకబారితే అదీ కాయ ఘాటేనని మా వీధి వీధంతా తీర్మానించింది. ఇంటర్ చదివినదాన్ని, నేనూ తలూపాను. రోజూ పొద్దున్నే ఆమె నడినెత్తిన ఆముదం పెట్టేదాన్ని. జుట్టు నిగనిగలాడింది గానీ చూపు మాత్రం రాలేదు.

అక్కడ మా పని కాయలు ఏరడం. ఎర్రకాయ ఒకవైపు, తెల్లబారిన తాలుకాయ ఒకవైపు. అమ్మ ఎర్రకుప్పలో తాలు కనబడుతుండేది. పక్కనే కూర్చుని దొంగచాటుగా నేనది ఏరేస్తుంటే, నా కుప్ప పెరిగేది కాదు. ఇద్దరం కలిసి ఒక్కరి పని చేసేవాళ్లం. అయినా మేస్త్రీ కనిపెట్టేశాడు.

"ఏమ్మా, కళ్లు నెత్తికెక్కినాయా? ఇంకోసారి తాలు కనబడిందంటే మళ్లీ రామాకు."

పత్తి తీయడానికి అమ్మకి నడుం సహకరించదు. ఇది పోతే ఇంకో పని లేదు.

ఆ వారమే బడిలో ఉచితంగా కళ్లు చూస్తామన్నారు. "పూట మానితే మేస్త్రీ ఊరుకుంటాడా?" అని అమ్మ వెళ్లలేదు. చూపు లేక పోబోతున్న పనిని కాపాడుకోడానికి చూపు చూపించుకోలేదన్నమాట! మా తెలివికి దణ్ణం పెట్టాలి. మా తెలివి అని ఎందుకంటున్నానంటే, నేనూ వెళ్లమనలేదు.

చివరికి అద్దంకిలో తోపుడుబండి మీద కళ్లజోడు కొన్నాను. అది పెట్టుకుని అమ్మ చాటలో బియ్యం చూసింది.

"ఓసి నీ అమ్మ కడుపు కాలా! ఇన్నాళ్లూ ఇన్ని పురుగులు తిన్నామంటే!"

తిట్టుకుంటున్నది తననేనని కూడా గుర్తు లేదు. నాకెంత సంతోషమేసిందో!

మర్నాడు నాకు జ్వరమొచ్చి అమ్మ ఒక్కతే వెళ్లింది. మధ్యాహ్నానికే తిరిగొచ్చేసింది. ఆమె ఎర్రకుప్పలో దోసెడు తాలు దొరికిందట.

"కళ్లజోడేదీ?"

ట్రంకుపెట్టె చూపించింది. చీరల అడుగున, గుడ్డలో చుట్టి ఉంది.

"కొత్తది కదే! ఆ దుమ్ములో గీతలు పడవూ? రోజూ పెడితే అరిగిపోదూ?"

ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. జ్వరం సంగతి మర్చిపోయి, ఆమె ముక్కు మీద జోడు పెట్టి, చెయ్యి పట్టుకుని కల్లానికి లాక్కెళ్లాను.

"ఇప్పుడు బాగా కనబడతందయ్యా" అంది అమ్మ.

మేస్త్రీ గడ్డంతో అటు చూపించాడు. అమ్మ కూర్చునే చోట అప్పటికే ఇంకొకావిడ కూర్చుని కాయలు ఏరుతోంది. అమ్మ వంగి ఆవిడ ఎర్రకుప్పకేసి కాసేపు చూసింది. తర్వాత నా చెవిలో మెల్లగా అంది.

"ఈమెకీ కనబడట్లేదే."