మొదటి చెంబు నాదే అన్న సుగుణక్క

మొన్న కడపలో తాళ్ల దుకాణం ముందు నిలబడితే కొబ్బరి పీచు వాసన గుప్పుమంది. అంతే, సుగుణక్క గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. బద్వేలులో బట్టల వ్యాపారం చేసే కుటుంబం ఆమెది. యాభై దాటాక దుకాణం కొడుక్కి అప్పగించి, కడపలో చిన్న గది తీసుకుని, ఆడవాళ్లను యాత్రలకు తీసుకెళ్లే పని మొదలుపెట్టింది. నేను ఆమె దగ్గర తొలి ఉద్యోగిని. కాశీకీ తిరుపతికీ అందరూ తీసుకెళ్తారు, ఆమెకు అది చాలదు. తూర్పు తీరంలో ఒకప్పుడు ఉప్పు బస్తాలు మోసిన పాత తెరచాప ఓడను ఎవరో బాగుచేసి, సరుకు గదిలో పడకలు వేసి జనాన్ని తిప్పుతున్నారని విన్నది. ఇక ఆమెను ఆపడం ఎవరి తరం!

కోసిగి నుంచి బద్వేలు దాకా ఇల్లిల్లూ తిరిగాం. ఒక ఇంట్లో పెద్దాయన, "ఆడోళ్లకు సముద్రంలో ఏం పనమ్మా?" అన్నాడు. "టీ కొట్టు కాడ నీకేం పనుండాదని దినామూ పోతాండావు మామా?" అంది సుగుణక్క. ఆయన పగలబడి నవ్వి కోడళ్లిద్దర్నీ పంపాడు. తిరుగు బస్సులో మాత్రం ఆమె ముఖంలో నవ్వు లేదు. "ఈ తూరి ఏమన్నా తేడా జరిగిందంటే మళ్లా ఏ ఇంట్లోనూ గడప దాటనియ్యరు పాపా" అంది.

తేడా ఓడెక్కిన రెండో రోజు మధ్యాహ్నమే జరిగింది. నడిసముద్రంలో మబ్బు కమ్మి ఒక్కసారిగా వాన దిగింది. ఓడ నడిపే సరంగు తెరచాప దించమని కేకలు వేస్తున్నాడు. మావాళ్లకు అవేవీ వినపడలేదు. "అయ్యో, ఇంత వానా సముద్రంలో కలిసిపోతాండాదే!" అని కోసిగి నాగమ్మ చెంబు తెచ్చి పెట్టింది. ఆమె వెనకే తక్కినవాళ్లు గిన్నెలూ బకెట్లూ టిఫిను డబ్బాల మూతలూ తెచ్చి, సరిగ్గా తాళ్ల చుట్టల మీదే పరిచారు. తాడు బకెట్‌లో చిక్కుకుంది, ఓ పనివాడు జారిపడ్డాడు, ఓడ ఒక పక్కకు ఒరిగింది. మా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎలాగో తెరచాప దిగింది.

సరంగు మండిపడుతూ వచ్చాడు. "ఇదేంటండీ! సముద్రంలో గిన్నెలు పెట్టేవాళ్లని ఎక్కడా చూళ్లేదండి. ఓడ వెనక్కి తిప్పేస్తున్నా. ఎవరండీ ముందు పెట్టింది?"

నాగమ్మ మా వెనక్కి నక్కింది. సుగుణక్క ముందుగా, జారిపడిన పనివాడి కాలు చూసి, దెబ్బ లేదని తెలుసుకుని, అప్పుడు లేచింది. "మొదటి చెంబు నాదేనప్పా. మా సీమలో వాన పడితే ఆలోచన చెయ్యం, గిన్నెలెత్తుకోని పరిగెత్తుతాం. యాడ పెట్టకూడదో చెప్పు, పెట్టం. నన్ను తిట్టు, పడతా. ఓడ మాత్రం తిప్పద్దు. తలొంచుకోని ఇండ్లకు పోతే ఈళ్లు మళ్లా బయటికి రారు."

సరంగు గొంతు తగ్గించి, "ఆ వెనక గది కప్పు మీద తాళ్లుండవండి. అక్కడ పెట్టుకోండి" అన్నాడు. సాయంత్రం నాగమ్మ ఆ వాన నీళ్లతోనే ఓడంతటికీ టీ పెట్టింది. సరంగు రెండో గ్లాసు అడిగాడు.

"అక్కా, నీ చెంబు సంచిలోంచి బయటికే రాలేదు గదా?" అన్నాను ఆమె చెవిలో. "నోరు మూసుకో పాపా" అని నా గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.

సుగుణక్క పోయింది. ఇప్పుడు యాత్రలు నేనే నడుపుతున్నాను. ఆమెంత ధైర్యం నాకు లేదు, గట్టిగా అరిచేవాళ్లంటే నాకిప్పటికీ భయమే. అయినా మావాళ్ల వల్ల పొరపాటు జరిగి ఎవరైనా "ఎవరు చేసింది?" అని అరుచుకుంటూ వస్తే, ఎవరు చేశారో నాకు తెలిసేలోపే "నేనే" అనేసి ఉంటాను.