ఐసుగడ్డ మీద మేస్త్రి

వరంగల్ మట్టెవాడలో ముప్ఫై ఏళ్లుగా పరువుగా నడుస్తున్న ఒక మందుల దుకాణాన్ని ఒకే ఒక్క వాక్యంతో మూతపడేదాకా తెచ్చిన ఘనుడు ఎవడంటే, అది నేనే. దొంగలు పడలేదు, నిప్పంటుకోలేదు. నా నోరు పడింది, అంతే. ఆ దుకాణం పరాయివాళ్లది కూడా కాదు. అప్పటికి రెండేళ్లుగా నన్ను ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతున్న మా మేనమామది. మీరు మధ్యలో ఆగి నన్ను తిట్టాలనుకుంటే కొంచెం ఓపిక పట్టండి. ఆ పనికి అప్పట్లోనే మట్టెవాడంతా వరస కట్టింది.

డెబ్బైల చివరి మాట. మాది తొర్రూరు పక్క పల్లె. ఎమ్మెస్సీ చదవడానికి వరంగల్ వచ్చి వీరేశం మామ ఇంట్లో దిగాను. ముందు దుకాణం, వెనక ఇల్లు, పైన అప్పుడే గోడలు లేస్తున్న కొత్త గది. మామకు మందుల పేర్లన్నీ వచ్చు. వాటి లోపలి కథ మాత్రం వరంగల్ మొత్తంలో నాకొక్కడికే వచ్చని నా గట్టి నమ్మకం.

ఆ కథ నాకు చెప్పినవారు ఎమ్మెస్సీలో పాఠం చెప్పే మా రాఘవయ్య సార్. ప్రతి సూక్ష్మజీవి చుట్టూ ఒక గోడ ఉంటుందట. లోపలి ఒత్తిడి గాలి నిండా కొట్టిన సైకిల్ ట్యూబులా ఉంటుందట. గోడ వీగిందా, జీవి ఢామ్మని పగిలిపోవాల్సిందే. చక్కెరలాంటి ముక్కలను గొలుసులు గొలుసులుగా పేర్చి, గొలుసుకూ గొలుసుకూ మధ్య కొక్కేలు తగిలిస్తే తయారయ్యేదే ఆ గోడ. కొక్కేలు తగిలించే మేస్త్రి పేరు ట్రాన్స్‌పెప్టిడేజ్. పేరు చూసి బెదరకండి, అదొక ఎంజైమ్. దాని ఒంట్లో ఒక చిన్న గుంట ఉంటుంది. కొక్కెం కొస వచ్చి ఆ గుంటలో కూర్చోగానే పట్టుకుని పక్క గొలుసుకు బిగిస్తుంది. పెన్సిలిన్ అచ్చం ఆ కొసలాగే వేషం వేసుకుని వచ్చి గుంటలో దూరి, మళ్లీ ఊడకుండా అతుక్కుపోతుంది. ఇక మేస్త్రి చేతులు కట్టేసినట్టే.

దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించడమే నా ప్రాజెక్టు. మట్టిలో దొరికే బాసిల్లస్ అనే సాధుజీవిని గాజు సీసాలో పెంచితే నీళ్లు గంజిలా తెల్లబడతాయి. అందులో మామ దుకాణంలోని పెన్సిలిన్ పోస్తే, రెండు గంటల్లో జీవులన్నీ పగిలి నీళ్లు తేటపడాలి. సీసా వెనక న్యూస్‌పేపర్ పెడితే అక్షరాలు చదవగలగాలి. అంత తేలిక.

నా చేతిలో పడ్డాక ఏదీ తేలికగా ఉండదు.

సార్ ఇంకో మాట కూడా చెప్పారు. "ఎంజైమ్ అంటే పసిపిల్ల. వేడి తగిలితే చెడిపోతది. ఎప్పుడూ ఐసు మీదనే ఉండాలె." ఆ మాటను నేను గుండెలో రాసుకున్నాను. సూక్ష్మజీవిలో ఎంజైమ్ ఉంది, ఎంజైమ్ ఐసు మీద ఉండాలి, కాబట్టి సూక్ష్మజీవి కూడా ఐసు మీదే ఉండాలి! ఇంత సూటిగా ఆలోచించే బుర్ర నాకు తప్ప ఇంకెవరికి ఉంటుంది? రోజూ పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీకి పోయి, ఊక చల్లిన గడ్డను గోనెసంచిలో చుట్టి సైకిల్ మీద పెట్టుకుని వచ్చేవాణ్ని. నీళ్లు తెల్లబడగానే సీసాను ఐసులో దించి, ఆ తర్వాతే పెన్సిలిన్ పోసేవాణ్ని. ఆ మండుటెండల్లో కారుకుంటూ వచ్చే ఐసు నీళ్ల జాడ పట్టుకుని నన్ను పట్టేయొచ్చు.

ఒక రోజు గడిచింది. సీసా గంజిలాగే ఉంది. రెండో రోజు కొత్త సీసా, కొత్త పెన్సిలిన్. గంజే. నాలుగో రోజుకు కూడా పేపర్లో ఒక్క అక్షరం కనబడలేదు. బయటి నుంచి పరీక్ష చేసే పెద్దమనిషి వారంలో వస్తున్నాడు. నేను తీవ్రంగా ఆలోచించాను. సార్ తప్పు చెప్పరు. నేను తప్పు చేయను. మిగిలింది మామ ఇచ్చిన పెన్సిలిన్.

సాయంత్రం దుకాణం నిండా జనం. మెట్ల కింద నుంచే అరిచాను.

"మామా! నీ పెన్సిలిన్ నకిలీది!"

పొట్లం కడుతున్న మామ చేయి గాల్లో ఆగిపోయింది. "ఏందిరా సాంబా? జర మెల్లగ. గిరాకులున్నరు."

"మెల్లగ ఎందుకు మామా? సైన్స్ సైన్సే! నాలుగు దినాల సంది పోస్తాన. ఒక్క పురుగు సావలె."

"ఒక్కటి గూడనా?"

"సచ్చుడా! హాయిగ పండుకున్నయ్!"

(ఆ క్షణంలో నా నోటి నుంచి అక్షరాలా నిజం వెలువడిందని నాకే తెలియదు.)

వెనక గల్లీ ఎల్లవ్వ కళ్లు పెద్దవి చేసింది. "ఓ వీరేశం! మా ముసలోనికి నిన్ననే ఈడ కొన్న మందే సూది ఏపిచ్చిన. గది గూడ గిదేనా?"

"కాదు ఎల్లవ్వా, పోరడు ఏదో..."

"పోరడు కాదు, ఎమ్మెస్సీ!" అన్నాను నేను, మామను పూర్తిగా ముంచుతూ.

ఆ వార్త నాకంటే వేగంగా సైకిల్ తొక్కింది. బజారు మలుపు దగ్గర సీసాల్లో బియ్యప్పిండి అన్నారు. స్టేషన్ చేరేసరికి పిండి కాస్తా సుద్ద అయింది. హన్మకొండ చౌరస్తాలో మామ ఇంటి వెనక సుద్ద దంచడానికి నలుగురు మనుషులున్నారట! మర్నాడు దుకాణం ముందు మళ్లీ జనమే, కానీ కొనడానికి కాదు, వాపసు ఇవ్వడానికి. మరిపెడ నుంచి వచ్చిన ఒకాయన ముఖానికి రాసుకునే పౌడర్ డబ్బా కూడా బల్ల మీద పెట్టాడు. "గిది గూడ నకిలీదేనేమో, రాసుకున్నా నేను తెల్లగైతలేను."

మధ్యాహ్నానికి దుకాణంలో ఈగలు కూడా లేవు. అత్త నాకు అన్నం పెట్టింది, పప్పు పెట్టలేదు. మామ మాత్రం తిట్టలేదు. దుకాణం తలుపు దగ్గరికి వేసి, చెప్పులేసుకున్నాడు.

"నడువ్. గా పురుగులను నా కండ్లకు జూపియ్. ముప్పయేండ్ల ఇజ్జత్ గంగల కలిసింది. నా మందు నిజంగ నకిలీదైతె ఇయ్యాల్నే దుకాణం బంద్ జేస్త."

ల్యాబులో ఐసు బకెట్, అందులో మెడదాకా మునిగిన సీసా. మామ వేలు ముంచి చటుక్కున తీశాడు.

"గిదేందిరా?"

"ఐసు మామా. ఎంజైమ్ సల్లగుండాలె."

"గా ఎంజైమ్ పనేంది?"

"గోడ కడ్తది. మన పై గది మేస్త్రి లెక్క."

"మరి పెన్సిలిన్?"

"మేస్త్రి చేతికి అతుక్కపోతది. పని సాగది. గోడ వీక్ అయి పురుగు పగుల్తది."

మామ మళ్లీ బకెట్‌లోకి తొంగిచూశాడు. "మొన్న మన మేస్త్రి ఎండదెబ్బకు మూడొద్దులు మంచం దిగలె. గా మూడొద్దులు ఆయన తాపీ నేను దాచిపెడితె ఏమైతుండె?"

"ఏమైతది మామా, ఏం గాదు. అసలు పనే నడుస్తలేదు గద..."

మాట బయటికి వచ్చేసింది. నోరు మాత్రం తెరుచుకునే ఉండిపోయింది.

తలుపు దగ్గర పెద్ద నవ్వు. రాఘవయ్య సార్! "సాంబయ్యా, పురుగుల నుంచి బయటికి తీసిన ఎంజైమ్‌ను ఐసుల పెట్టుమన్న. బతికున్న వాటిని పెట్టుమన్ననా? అవి పెరిగితెనే గోడ కడ్తయి. గోడ కడుతుంటెనే పెన్సిలిన్‌కు పని. నువ్వు వాటికి చలికాలం సెలవులిచ్చినవ్!" తర్వాత మామ వైపు తిరిగి నమస్కారం పెట్టారు. "మీరు ఏం చదువుకున్నరండీ?"

"నేను గోడలు కట్టిపిస్తాన సార్, గంతే."

అదే సీసా, అదే పెన్సిలిన్. ఐసులోంచి తీసి గోరువెచ్చని నీళ్ల తొట్టిలో పెట్టి, గాలి తగిలేలా ఊపమన్నారు సార్. నేను ఊపుతూనే ఉన్నాను. మామ స్టూలు మీద కూర్చుని సీసా వెనక పేపర్ పట్టుకున్నాడు. మొదటి గంట ఏమీ లేదు. మామ నుదుటి మీద చెమట, నా చేతుల్లో తిమ్మిరి. తర్వాత గంజి పలచబడింది, కలి నీళ్లయింది, ఇంకాసేపటికి మజ్జిగ తేటలా మారింది. మామ కళ్లు చిట్లించి కూడబలుక్కున్నాడు.

"ప... ట్టు... చీరెలు! కనవడ్తాందిరా! కొత్త రకాలు వచ్చినయంట!" ఆ వెంటనే గొంతు తగ్గించాడు. "గిది మాత్రం మీ అత్తకు చెప్పకు."

మామ మందు అసలుదేనని తేలింది. తేలింది ల్యాబులో, పరువు పోయింది బజారులో. శిక్ష మామే వేశాడు. వారం రోజులు దుకాణం మెట్ల మీద నిలబడి, వచ్చిన ప్రతి మనిషికీ నేను ఒకే మాట చెప్పాలి: "మందు అసలుదే. నకిలీ నేను."

మొదటి రోజే ఎల్లవ్వ వచ్చింది. చేతులు కట్టుకుని, తల దించుకుని అప్పజెప్పాను. ఆమె జాలిగా నా గడ్డం పట్టుకుంది.

"నీ సంగతి మాకు ఎప్పటి సందో ఎర్కే బిడ్డా. జర మందు మీదనే అనుమానముండె."

బజారంతా నవ్వింది. ఆ నవ్వుతోనే గిరాకీ తిరిగి వచ్చింది, ఆ పూటే నా కంచంలోకి పప్పూ వచ్చింది.

కాబట్టి సకల జనుల సమక్షంలో ఇందుమూలంగా శపథం చేస్తున్నాను. లోకంలో ఏ మందు పనిచేయకపోయినా ముందు నన్ను నేను అనుమానించుకుంటానని, బజారులో నోరు తెరిచే ముందు ల్యాబులో కళ్లు తెరుస్తానని! సాక్షి సంతకాలకు ఆ సీసాలోని కోటానుకోట్ల బాసిల్లస్‌లను పిలుద్దామనుకున్నాను. పాపం, అప్పటికే వాటిలో ఒక్కదానికీ నిలబడే గోడ లేదు.