ప్రభుదాసుకు దక్కని శాలువా

మా బీరువాలో ఒక శాలువా ఉంది. బట్టలు తీసేటప్పుడు నా చేయి దాన్ని తప్పించుకుని పోతుంది. ఏళ్ల తరబడి ఆ బరువు మోస్తున్నాను. మీకు చెప్పేస్తాను.

పత్రిక ఉద్యోగం నుంచి రిటైరయ్యాక విజయవాడ బడుల్లో పిల్లలకు డబ్బు జాగ్రత్తలు, ఫోన్ మోసాల గురించి పాఠాలు చెప్పేవాణ్ణి. ఒకరోజు గుణదల బడిలో బల్ల గుద్ది మరీ చెప్పాను, మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని. ఆ సాయంత్రమే ఫోన్. నాకు జీవిత సాఫల్య పురస్కారమట. శాలువా, జ్ఞాపిక, నగదు. నగదు ముందే పంపుతారట, కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టాలట. కొట్టాను. పింఛను ఊడ్చుకుపోయింది.

ఎందుకు కొట్టాను? సర్వీసంతా ఇతరుల శాలువా ఫొటోల కింద పేర్లు రాసినవాణ్ణి. నా పేరు ముందు ఒకడు 'ప్రముఖ' అని తగిలించేసరికి బుద్ధి బయటికెళ్లిపోయింది.

అంతటితో ఆగితే అది నష్టమే, తప్పు కాదు. తర్వాతి పాఠంలో ఆ కథ ఎవరికో జరిగినట్టు చెప్పాను. మంచి కథ, వదులుకోబుద్ధి కాలేదు. "ఎవరు సార్ ఆయన?" అంది ఒక అమ్మాయి.

"పామర్రులో మా బావమరిది. చర్చిలో హార్మోనియం వాయిస్తాడు" అన్నాను.

పిల్లలు పడీపడీ నవ్వారు. బడివాళ్లు తీసిన వీడియో వాట్సాప్‌లో పామర్రు చేరింది. మా బావమరిది ప్రభుదాసు ఊరికి శాలువాదాసు అయ్యాడు. నన్నడిగితే, పిల్లల కోసం కల్పించానన్నాను. "పోన్లే బావా, పిల్లలు జాగ్రత్తపడితే చాలు" అన్నాడు.

ఆ మంచితనమే నన్ను తినేసింది. అతనికి చెప్పకుండా ఒక కళాసమితికి అతని పేరు సిఫారసు చేశాను. ఒప్పుకుని అతనికి ఫోన్ చేశారు. కాసేపటికి అతను నాకు చేశాడు.

"బావా, ఆ అవార్డు దొంగలు నాక్కూడా చేశారు! నీ వీడియో గుర్తొచ్చి, పేరు కూడా చెప్పనివ్వకుండా ఉతికి ఆరేశాననుకో!"

ఊరి పెళ్లిళ్లకూ చావులకూ వాయించి వేళ్లరిగిన మనిషికి వచ్చిన ఒకే ఒక్క పిలుపు. అది నిజమైనదేనని చెబితే, నీకెలా తెలుసంటాడు. నేనే సిఫారసు చేశానంటే, ఎందుకంటాడు. ఆ దారం లాగితే నా పిన్ దాకా వస్తుంది. "మంచి పని చేశావు" అన్నాను. అంత సులువుగా ఎలా అనగలిగాను?

మర్నాడు సమితి కార్యదర్శి ఫోన్. "మీవాడు మమ్మల్ని దొంగలన్నాడండీ. శాలువా కొనేశాం. పోనీ, మీరే వచ్చి కప్పించుకోండి."

వెళ్లాను. వద్దనడానికి నోరు తెరిచిన గుర్తు కూడా లేదు.

సభలో ప్రభుదాసు ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. తర్వాత నన్ను పక్కకు లాగి, చెవిలో అడిగాడు.

"బావా, పిన్ అడగలేదు కదా?"

"లేదు" అన్నాను.

ఈ వ్యవహారంలో నేను అతనితో చెప్పిన నిజం అదొక్కటే. రెండోది ఇక్కడ రాస్తున్నాను. క్షమించమనడానికి కాదు, చేయి తప్పించుకుని తప్పించుకుని అలిసిపోయి.

పిన్ కొట్టింది నేనే, ప్రభుదాసూ. శాలువా నీది.