గోలెంలో పడిన బర్రె

చేవెళ్ల రోడ్డు మీద క్యారెట్లు అమ్మే అవ్వ గంప మీది తడి గోనెసంచి ఎత్తగానే, ఆ వాసనకు నా నోరు మూతపడుతుంది. నన్ను ఎరిగినవాళ్లకు అది ఎంత వింతో తెలుసు. మోకిలలో ఇళ్ల ప్లాట్లు చూపించడం నా పని. నోరు మూస్తే పూట గడవదు. కానీ ఆ వాసనలో సులోచన టీచర్ గొంతు వినబడుతుంది: "చాలు. ఇయ్యాల్టికి ఆపు."

ఆమెది ఆలూరు. కుమ్మరుల ఇంట పుట్టి, పట్నంలో బొమ్మల చదువు చదివి, మొయినాబాద్‌లోని మా బడికి మట్టిపని నేర్పడానికి వచ్చారు. అవి అందరూ కంప్యూటర్ జపం చేస్తున్న రోజులు. కోస్తా నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలు మా రైతుల పిల్లల పక్కన కూర్చోవడం అప్పుడే మొదలైంది. మా మట్టిపని షెడ్డు మీద ప్రిన్సిపాల్ సారు కన్ను పడింది. కిందటేడు మేం చేసినవన్నీ ఆవంలో కాలుస్తుంటేనే పగిలిపోయాయి మరి.

"ఈసారి గూడ పెంకులే చూపిస్తే, షెడ్డుల కంప్యూటర్లు పెట్టిస్తనమ్మా" అన్నారాయన. టీచర్ సరేనన్నారు. మట్టి ఎప్పుడో పోయినా, చేతులు కొంగుకు తుడుచుకుంటూనే ఉన్నారు.

తప్పు మా చేతులది. లోపల తడి మిగిలిన కుండ మంటలో పేలుతుంది. అందుకే నీడన, గోనె కింద, నిదానంగా ఆరనివ్వాలి. ఆ యేడు కూడా ముసురు వదల్లేదు, మాకు ఓపిక లేదు. గోనె ఎత్తడం, గిల్లడం, ఎండపొడ కనబడితే దొంగతనంగా అక్కడ పెట్టడం. గుంటూరు నుంచి వచ్చిన స్వాతి అయితే తన గిన్నెను వేలితో నొక్కకుండా నిలవలేకపోయేది.

"ఇంకెప్పుడు ఆరుతుంది టీచర్? మా నాన్నకి చూపించాలి."

"నువ్వు ముట్టుడు ఆపినంక ఆరుతది బిడ్డా."

అదే సమయంలో వెనక వరుసలో నేను పక్కవాడికి మా తాత మట్టితో చేసిన నీళ్ల గోలెం గురించి చెబుతున్నాను. అది ఎంత పెద్దదంటే, నీళ్లు తాగబోయి మా బర్రె అందులో పడితే, వెతకడానికి హిమాయత్‌నగర్ నుంచి ఈతగాళ్లను పిలిపించాం. తలెత్తేసరికి టీచర్. దెబ్బ ఖాయమనుకున్నాను.

"మీ తాత కుమ్మరోడా?"

"కాదు టీచర్. బస్సు కండక్టర్."

ఆమె నవ్వు మింగారు. "లే. ముంగటికొచ్చి అందరికి చెప్పు. మీరందరు చేతులు ఒళ్లె పెట్టుకొని వినుండ్రి. కుండలు ముట్టినోళ్లకు కథ లేదు."

అలా రోజూ చివరి పీరియడ్ నాదైంది. ఈతగాళ్లు మునిగారు. గోలెం అడుగున సంత కనబడింది. అక్కడ మా బర్రె తన పాలు తానే అమ్ముకుంటున్నది. పిల్లలు గోనె వైపు చూడటమే మానేశారు. సరిగ్గా కథ రుచి పట్టేచోట టీచర్ ఆపేవారు.

"జర చెప్పనియ్యుండ్రి టీచర్, బేరం నడుమల ఉన్న."

"కథ గూడ ఆరాలె. ఒక్కపారే కాలిస్తే పగులుతది."

అప్పటిదాకా నన్ను నోరు మూసుకోమన్నవాళ్లు చాలామంది. ఎక్కడ ఆపాలో నేర్పింది ఆమె ఒక్కరే.

వాన తెరిపిచ్చాక కాల్చారు. ఆవం విప్పిన పొద్దున ప్రిన్సిపాల్ సారు గొడుగు పట్టుకొని నిలబడ్డారు. టీచర్ ఒక్కోదాన్నీ బూడిదలోంచి తీసి గోటితో కొట్టి విన్నారు. ఖంగుమంది. ఒకటో రెండో బీటలిచ్చాయి. నా వంకర లోటాతో సహా మిగతావన్నీ నిలిచాయి. సారు స్వాతి గిన్నెను తిప్పి తిప్పి చూసి, "కంప్యూటర్లకు పైగది ఖాళీ చేయిద్దాంలే" అన్నారు.

స్వాతి గిన్నెను గుండెకు హత్తుకుని నన్నడిగింది: "ఇంతకీ మీ గేదె బయటికొచ్చిందా?"

నేను నోరు తెరిచాను. టీచర్ బూడిద చెయ్యి అడ్డం పెట్టారు.

"చెప్పకు. వచ్చే యేడు పిల్లలకు గూడ గావాలె."

టీచర్ రిటైరై ఆలూరులో ఉంటున్నారు. షెడ్డు మాత్రం అట్లనే ఉంది. ముసురు పట్టగానే బడి నుంచి కబురొస్తుంది. ప్లాట్లు వదిలేసి కథ చెప్పడానికి వెళతాను. బర్రె ఇంకా గోలెంలోనే ఉంది. దాని పాల ధర మాత్రం మోకిల ప్లాట్లతో పోటీపడి పెరుగుతోంది.