మామగారి ఎనిమిది ట్యాంకులు

మా మామగారు కొత్త వస్తువుని దేన్నీ తొందరపెట్టరు. కొత్త చెప్పులైతే మొదటి వారం రోజుకి అరగంటే తొడుగుతారు. ఫ్యాను కొంటే పది రోజులు ఒకటో నంబరు దాటనివ్వరు. ఇంటిల్లిపాదీ చెమటలు కక్కుతుంటే, "దానికి అలవాటు కావద్దూ?" అంటారు. కొత్త కోడలిగా అడుగుపెట్టిన నాకు ఈ మనిషి బొత్తిగా అంతుబట్టలేదు.

ఆయన వృత్తి కళ్ళజోళ్ళు బాగుచేయడం. పిచ్చి మాత్రం రిమోటు కార్ల పందేలు. ఆ ఏడు తన మూరెడు కారుకి గుప్పిట్లో పట్టే, నైట్రో అనే ఇంధనంతో నడిచే కొత్త ఇంజను తెచ్చారు. ఇక చూడాలి సపర్యలు! పందెంలో దింపేముందు అది ఎనిమిది ట్యాంకుల ఇంధనం నింపాదిగా, పొగలు వదులుతూ తాగాలట. ఒక్కో ట్యాంకు అవగానే ఆపి, లోపలి పిస్టను బిగుసుకుపోకుండా దాన్ని కిందికి దింపి, చల్లారేదాకా పక్కనే కుర్చీ వేసుకుని కాపలా.

"పెళ్ళైన కొత్తలో నా పక్కన ఇంతసేపు కూర్చున్నారా?" అని అత్తగారు దెప్పేవారు.

"నువ్వు వచ్చేటప్పటికే పరుగు మీదున్నావుగా!" అనేవారాయన.

అంతకుముందేడు హడావిడిపడి ఇంజన్లు కాల్చుకున్నవాళ్ళని రిమోటు కార్ల క్లబ్బులో ఆయన ఏడిపించని రోజు లేదు. "ఈసారి నాది చూడండి" అని సవాలు కూడా విసిరారు. పరువంతా ఆ ఇంజను మీదే ఉంది.

నాలుగో ట్యాంకు నడుస్తుండగా ఫోను మోగి ఆయన లోపలికెళ్ళారు. పెరట్లో ఆ పొగ, ఆ జిడ్డు, ఆ నీరసపు చప్పుడు చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. పాపం, సాయం చేద్దామనుకున్నాను. ఇంజనుకి ఇంధనం ఎంత అందాలో సర్దడానికి పొద్దున ఆయన తిప్పిన స్క్రూనే పట్టుకుని బాగా బిగించాను. ఇంధనం తగ్గింది, పొగ పోయింది, ఇంజను హుషారుగా అరిచింది. అబ్బ, ఇంత సులువా అని మురిసిపోయాను. రెండు నిమిషాల్లో కిర్రుమని పట్టేసి ఊరుకుంది.

ఆయన పరుగెత్తుకొచ్చారు.

"మామయ్యగారూ... నేనే... పొగ ఎక్కువగా ఉందని..."

ఇంజనుని చూశారు. నన్ను చూశారు. "చెయ్యి కాలలేదు కదమ్మా?" అన్నారు. "ఆ పొగలో ఉండే నూనే దానికి చలవ. ముందే చెప్పకపోవడం నా తప్పు."

అంతే. ఒక్క మాట తిట్టలేదు. తిట్టినా బాగుండేది!

పందెంలో పాత ఇంజనుతో దిగి ఆఖర్న వచ్చారు. క్లబ్బంతా చుట్టుముట్టింది.

"ఏమైంది గురూగారూ, మీ కొత్త ఇంజను?"

"తొందరపడి స్క్రూ బిగించేశాను."

"మీరా! తొందరా!" ఒకాయన పొట్ట పట్టుకుని కింద కూర్చున్నాడు. ఇంకొకాయన అటుగా వెళ్ళేవాళ్ళని పిలిచి మరీ చెప్పాడు. మామగారు తలొంచుకుని కారు తుడుచుకుంటున్నారు.

"కాదండీ! బిగించింది నేను!" అని అరిచేశాను.

మామగారు తలెత్తారు. "చూశారా? నా తప్పు తన నెత్తిన వేసుకుంటోంది. మీ ఇళ్ళల్లో ఉన్నారా ఇలాంటి కోడళ్ళు?"

లేరట. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మొత్తుకున్నకొద్దీ ఇంకా గట్టిగా కొట్టారు. ఇంజను కాల్చి చప్పట్లు కొట్టించుకున్న మనిషిని ఆ క్లబ్బులో ఇప్పటికీ నేనొక్కదాన్నే.